షోకు సలాక

గాలిమోటరు పోయాడన్న కబురు నాకు మందుల దుకాణం కౌంటరు దగ్గర తెలిసింది. బయ్యారం వైపు నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి జ్వరం బిళ్ళలు సంచిలో వేసుకుంటూ, "మీ గాలిమోటరు పోయిండు సారూ, మొన్ననే" అన్నాడు. కౌంటరు ముందు మరో ఇద్దరు చీటీలు పట్టుకొని నిలబడి ఉన్నారు. వాళ్ళ చీటీలు అందుకొని మందులు తీసి ఇచ్చాను. "మీ" అన్నాడాయన. మానుకోటలో అతన్ని ఇంకా నా మనిషిగానే లెక్కేస్తున్నారు.

మా దగ్గర పాతకాలం వాళ్ళు విమానాన్ని గాలిమోటరు అంటారు. అతనికి అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటుంది. దాన్ని ఇక్కడ రాయను. ఆ పేరు మీద నాకు ఏ హక్కూ లేదు. గాలిమోటరు అన్న పేరు మాత్రం నా నోటివల్ల ఊళ్ళో పాకింది కాబట్టి దాన్నే వాడుతున్నాను.

నెల్లికుదురు రోడ్డు మీద రేకుల షెడ్డులో వెల్డింగ్ పని చేసేవాడు. ఇల్లు బయ్యారం దగ్గరి ఒక తండాలో. ఏ వస్తువును చూడాలన్నా ఎడమ కన్ను మూసుకొనేవాడు. ఇనుమును అలాగే చూసేవాడు, మనిషిని అలాగే చూసేవాడు, గ్రంథాలయంలో పేపరును కూడా అలాగే చదివేవాడు. తెలియనివాళ్ళు కన్ను కొడుతున్నాడనుకొని మీదికి వచ్చేవాళ్ళు. "కొట్టుడు గాదు, గురి చూస్తున్న" అనేవాడు. నవ్వితే శబ్దం ఉండేది కాదు, భుజాలు మాత్రం కదిలేవి. కొలతలు తీసుకొనేటప్పుడు తెలుగు పక్కకు పోయి "ఏక్, ది, తీన్, చార్" అని లంబాడీ వచ్చేది. ఎందుకని ఒకసారి అడిగితే, "తెలుగుల ఎంచితే తప్పు పోతది అన్నా. యాడి గిట్లనే నేర్పింది" అన్నాడు. యాడి అంటే వాళ్ళ మాటల్లో అమ్మ.

పుస్తకం పట్టుకోవడంలో అతనికొక పద్ధతి ఉండేది. నల్లా దగ్గర మోచేతుల దాకా కడుక్కొని వచ్చేవాడు. అంత కడిగినా పేజీని వేళ్ళతో ముట్టేవాడు కాదు. చొక్కా జేబులో ఒక పాత బస్సు టికెట్టు ఉండేది, దాని అంచుతో పేజీని లేపి తిప్పేవాడు. కుర్చీలో కూర్చునేవాడు కాదు. కుర్చీలన్నీ ఉద్యోగ పరీక్షలకు చదివేవాళ్ళవి. ఖాళీగా ఉన్నా కూర్చోడు. "బట్టలకు మసున్నది, కుర్చీ ఖరాబైతది" అని కిటికీ కింద నేల మీద చతికిలబడేవాడు. పుస్తకం అంటే అంత భయభక్తులున్న మనిషి దొరికాడని నేను ముచ్చటపడేవాణ్ణి. కుర్చీలో కూర్చొని ముచ్చటపడేవాణ్ణి.

నేను పదో తరగతి లెక్కల్లో తప్పాను. తర్వాత నా కాలేజీ అంతా ఆ గ్రంథాలయమే. అక్కడి బీరువాల్లో నేను తెరవని పుస్తకాలు కొద్దిగానే ఉంటాయి. ఇంగ్లిషు నాకు ఎవరూ నేర్పలేదు. మందు డబ్బాల మీది అక్షరాలు, జేబులో పట్టే ఒక చిన్న నిఘంటువు, ఇవే నా పంతుళ్ళు. పెద్ద చదువులు చదివినవాళ్ళకంటే నాకే ఎక్కువ తెలుసని గట్టి నమ్మకం ఉండేది. ఎదుటివాళ్ళకు కూడా ఆ నమ్మకం కలిగేలా మాట్లాడటం చేతనయింది.

అతను గ్రంథాలయానికి మొదట చదవడానికి రాలేదు. ఒక ఇనుప రాక్ కాలు విరిగితే అతికించడానికి వచ్చాడు. ఆ విరిగిన కాలి కింద అప్పటిదాకా ఒక పుస్తకం ఎత్తుకు పెట్టి ఉంది. అట్ట లేదు, మొదటి పేజీలు లేవు, ఇంగ్లిషు పుస్తకం. లోపల దేశదేశాల విమానాల బొమ్మలు. పని అయ్యాక అతను దాన్ని తీసి దుమ్ము దులిపి, తెరుచుకున్న పేజీ మీద కన్ను మూసి చాలాసేపు చూశాడు. తర్వాత నా దగ్గరికి తెచ్చాడు.

"అన్నా, గిదేం గాలిమోటరు? కడుపు పడవ లెక్కున్నది. పక్కపొంటి కాళ్ళేమో బండి లెక్కున్నయి."

రెండు ప్రపంచ యుద్ధాల నడుమ ఫ్రాన్సు వాళ్ళు సైన్యం కోసం ప్రయోగంగా చేసిన విమానం అది. పేరు ఫ్రెంచిలో ఉంది. నేను పలికినట్టు పలికితే ఆ పేరు పెట్టినవాడు కూడా గుర్తుపట్టడు. నీళ్ళ మీద దిగాలంటే చక్రాలను పైకి మడిచి పక్కలకు అంటిస్తారు. నేల మీద దిగాలంటే కిందికి దించుతారు.

"దీన్ని ఉభయచర విమానం అంటారు" అన్నాను.

"అంటే?"

"రెండు చోట్లా బతికేది. కప్పలాగ."

"గట్ల చెప్పు. కప్ప గాలిమోటరు." మళ్ళీ బొమ్మ చూశాడు. "ఫ్రాన్సుల గూడ నాట్లేస్తరా అన్నా?"

"ఇది యుద్ధానికి చేసింది తమ్మీ."

"లడాయికా?" అతని ముఖం చిన్నబోయింది. "నారు మోసేదాన్ని లడాయికి చేసిండ్రా."

ఆ మాట నాకప్పుడు అర్థం కాలేదు. తర్వాత అతనే చెప్పాడు. నాట్ల రోజుల్లో నారు కట్టలను ట్రాలీలో తెచ్చి రోడ్డు పక్కన దించుతారు. అక్కడి నుంచి ఆడవాళ్ళు నెత్తిన పెట్టుకొని మోకాలిలోతు బురదలో పొలం మధ్య దాకా మోస్తారు. నీళ్ళు కారే పచ్చినారు, రాయంత బరువు. ట్రాలీని పొలంలోకి దింపితే చక్రాలు కూరుకుపోతాయి. అతని భార్య చిన్నప్పటి నుంచీ ఆ మోత మోసింది. రెండు యాసంగి పంటల కింద ఆమె మెడ పట్టేసింది. పక్కకు చూడాలంటే ఒళ్ళంతా తిప్పాల్సి వచ్చేది. దవాఖానలో బరువు మోయొద్దన్నారు. మోయనిదానికి నాట్లలో కూలీ ఎవరిస్తారు?

పడవ లాంటి కడుపు, మడిచే కాళ్ళు. అలాంటి ట్రాలీ ఉంటే బురదలో జారుతుంది, రోడ్డెక్కాక చక్రాల మీద నడుస్తుంది. ఆ బొమ్మలో అతను చూసింది అది. రాక్ కాలు విరగకముందు ఇరవై ఏళ్ళలో నేను ఆ పేజీని ఎన్నిసార్లు తిప్పానో, నాకు ఒక విమానమే కనబడింది.

అప్పటి నుంచి సాయంత్రం ఆరు కాగానే షెడ్డు మూసి వచ్చేవాడు. నేను ఒక్కో వాక్యం చదివి తెలుగులో చెప్పేవాణ్ణి. అతను నేల మీద సుద్దముక్కతో గీసుకొనేవాడు, పోయేముందు గుడ్డతో తుడిచేవాడు. ఆ విమానం ఒక్కటే తయారైందని, పరీక్షించి చూసి వద్దన్నారని పుస్తకంలో ఉంది.

"ఎందుకొద్దన్నరు?"

"రాయలేదు."

"ఒక్కటే చేసి ఇడిచిపెడితే ఎట్ల? రెండోది చేస్తే మంచిగొచ్చు" అని ఫ్రాన్సు వాళ్ళ మీద విసుక్కున్నాడు. పుస్తకం మీద మాత్రం ఎన్నడూ విసుక్కోలేదు. ఏదైనా అర్థం కాకపోతే, "రాసినోడు ఊకె రాయడు" అనేవాడు. ఆ మాట అతని నోట కొన్ని వందల సార్లు విని ఉంటాను.

పాత డ్రమ్ములు కోసి, రేకులు సాగగొట్టి పడవ కడుపు చేశాడు. చక్రాలకు కీళ్ళు పెట్టాడు. చేతితో తిప్పే ఒక పిడి పెట్టాడు, తిప్పితే చక్రాలు దిగుతాయి, వెనక్కి తిప్పితే మడుచుకుంటాయి. కప్ప గాలిమోటరు తయారవుతోందని మందుల దుకాణానికి వచ్చినవాళ్ళందరికీ నేను చెప్పాను. ఎవరి సలహాతో తయారవుతోందో కూడా చెప్పాను.

ఒక సాయంత్రం బొమ్మలో ఒకచోట బస్సు టికెట్టు ఆనించి అడిగాడు. "అన్నా, కడుపు కాడికెళ్ళి చక్రం దాకా గీ ఏటవాలు సలాక ఉన్నది సూడు. గిసొంటిదే నేను గూడ పెట్టిన. చక్రం దించినంక చీల కొట్టి బిగిస్త. బుక్కుల దానికి బాణం గుర్తు పెట్టి ఏదో రాసిండ్రు. ఏం రాసిండ్రు?"

స్ట్రట్ అని రాసి ఉంది. ఆ మాట నేనెప్పుడూ వినలేదు. జేబు నిఘంటువు తీశాను. గర్వంగా నడుచు, నిక్కుతూ నడుచు అని ఉంది. పక్క బల్ల దగ్గర పరీక్షల వాళ్ళు ఇద్దరు తలెత్తి చూస్తున్నారు. జేబులో ఫోనుంది, అందులో చూస్తే నిమిషం పని. ఫోనులో చూసి చదివేదీ ఒక చదువేనా అని వాళ్ళిద్దరినీ నేనే ఎన్నోసార్లు దెప్పాను. ఫోను తీయలేదు.

"అది షోకుకు" అన్నాను. "నిక్కి నడిచినట్టు కనబడాలని పెట్టారు. ఫ్రెంచివాళ్ళకు షోకులెక్కువ."

"షోకు సలాకనా?" భుజాలు కదిలాయి. అంతలోనే ఆగిపోయాయి. "మరి బరువు యాడ ఆగుతది?"

"పైన కీలు దగ్గర ఆగుతుంది."

ఆ ముక్క ఏ పుస్తకంలోనూ లేదు. నా నోట్లో పుట్టింది. అతను ఎడమ కన్ను మూసి బొమ్మను చూశాడు, నన్ను చూశాడు. "రాసినోడు ఊకె రాయడు" అన్నాడు. మరునాడు షెడ్డుకు పోతే రెండు సలాకలూ మూలన పడి ఉన్నాయి, కోసినచోట తెల్లగా మెరుస్తున్నాయి. "తీసేసిన. ఉత్తగనే బరువు" అన్నాడు.

వారం తర్వాత గ్రంథాలయంలో తాళం వేసి ఉంచే పెద్ద నిఘంటువు తీయించి వేరే మాట కోసం చూస్తుంటే, నా వేలు దానంతటదే ఆ మాట దగ్గరికి పోయింది. మొదటి అర్థం నాకు తెలిసిందే. రెండో అర్థం, బరువుకు పక్కకు ఒరగకుండా ఆపే ఊతకమ్మి.

ఆ సాయంత్రమే షెడ్డుకు పోయాను. చెప్పాలనే పోయాను. అక్కడ ఐదారుగురు రైతులు నిలబడి ట్రాలీ చూస్తున్నారు. మూడోనాడు తన పొలంలో నడిపి చూడటానికి వాళ్ళలో ఒకాయన ఒప్పుకున్నాడు. నన్ను చూడగానే గాలిమోటరు చేతిలోని సుత్తి కింద పెట్టి, "గీ సారే. ఫ్రాన్సు బుక్కు సదివి చెప్పింది గీ సారే" అన్నాడు. ఎవరో ప్లాస్టిక్ కుర్చీ దులిపి వేశారు. చాయ్ వచ్చింది.

"గంత ఇంగ్లిషు వస్తదా సారూ మీకు?" అని పొలం ఆయన అడిగాడు.

"ఏదో కొంచెం" అన్నాను.

"సదువుకున్నోళ్ళు గట్లనే అంటరు" అన్నాడు ఇంకొకాయన.

గంటసేపు కూర్చున్నాను. రెండు చాయ్‌లు తాగాను. పొద్దున చెప్పొచ్చు అనుకున్నాను. పొద్దున దుకాణానికి సరుకు వచ్చింది. ఆ మర్నాడు నేను షెడ్డు వైపే పోలేదు.

మూడోనాడు పొద్దున పొలం దగ్గర నాట్ల కూలీలందరూ పని ఆపి చూశారు. ట్రాక్టరు ముందు, పడవ ట్రాలీ వెనక. చక్రాలు మడిచి బురదలోకి దింపాడు. నారు కట్టలు నిండుగా పేర్చి ఉన్నాయి. రేకు కడుపు బురద మీద మెత్తగా జారుకుంటూ పోయింది. అతని భార్య దాని వెనకే ఖాళీగా నడిచింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో ఆమెకు తెలియలేదు. ఒకసారి కొంగు సర్దుకుంది, ఒకసారి నడుం మీద పెట్టుకుంది, మళ్ళీ కిందికి వదిలేసింది.

"ఏమే, దొరసాని లెక్క నడుస్తున్నవ్" అని ఒక ముసలామె ఆటపట్టించింది.

"నడవనియ్యి అత్తా, ఒక్కనాడన్న" అంది ఆమె.

సగం నారు ఆ పొలంలో దించి, మిగతాది రోడ్డుకు ఆవలి మడికి తీసుకుపోవాలి. ఒడ్డు దగ్గర అతను పిడి తిప్పి చక్రాలు దించాడు. ట్రాక్టరు ఒడ్డు ఎక్కింది. ట్రాలీ ఒక పక్కకు వాలింది. ఎడమ చక్రం లోపలికి మడుచుకుంది, మడిచే కాలే కదా, మడుచుకుంది. ట్రాలీ పడింది ఆ పక్కనే. పిడి పట్టుకొని నడుస్తున్న అతను కూడా ఆ పక్కనే ఉన్నాడు. నేను చెప్పులకు బురద అంటకుండా రోడ్డు మీద నిలబడి ఉన్నాను.

నలిగిన కాలును మోకాలి పైదాకా తీసేశారు. బత్తాయిలు పట్టుకొని వరంగల్ దవాఖానకు పోయాను. మంచం చుట్టూ వాళ్ళ బంధువులున్నారు. నన్ను చూసి వాళ్ళందరికీ వినబడేలా, "కీలు కమ్‌జోర్ పడ్డదన్నా. పతల ఇనుము పెట్టిన. నా తప్పే" అన్నాడు. నేను బత్తాయిలు మంచం పక్కన పెట్టాను. నాకు హాయిగా అనిపించింది. బాధ కలగలేదని కాదు, కలిగింది. కాని ముందు కలిగింది హాయి.

తర్వాత ఊరంతా అతన్ని గాలిమోటరు అని పిలిచి నవ్వింది. షెడ్డు పోయింది. పడవ ట్రాలీని ఎవరో తీసుకుపోయి బర్లకు కుడితి తొట్టి చేసుకున్నారు. ఆ మెడతోనే అతని భార్య మళ్ళీ నారు మోసింది. అతను కొన్నాళ్ళు భూపాలపల్లిలో బావమరిది దగ్గర ఉన్నాడని, తర్వాత జనగామలో ఒక మిల్లుకు కావలి ఉంటున్నాడని వినడమే. వెతుక్కుంటూ పోలేదు.

రెండేళ్ళ కింద జనగామ బస్టాండులో ఒక మనిషి ఎడమ కన్ను మూసి నన్ను చూస్తున్నాడు. ఇనుప గొట్టంతో తనే కాలు చేసుకున్నాడు. అడుగున టైరు ముక్క బిగించాడు. ప్యాంటు పైకి లాగి, సరుకును చూపించినట్టు చూపించాడు. "కంపెనీది ఇచ్చిండ్రన్నా. కర్రు కర్రుమని ఒకటే లొల్లి. గిది సప్పుడు చెయ్యదు, సూడు" అని నాలుగడుగులు వేశాడు.

చెప్పేశాను. అన్ని ఏళ్ళకు, బస్సుల మోతలో. "తమ్మీ, ఆ సలాక షోకుకని చెప్పాను. అది షోకుకు కాదు."

భుజాలు కదిలాయి. "నాకెర్కనే అన్నా."

"ఎప్పుడు తెలిసింది?"

"నువ్వు చెప్పంగనే. చిన్నప్పటిసంది ఇనుము పట్టినోన్ని. బరువు యాడ ఆగుతదో చెయ్యికి ఎర్క గాదా? కోసేటప్పుడు చెయ్యి ఎనుకకు గుంజింది."

"మరి ఎందుకు కోశావు?"

అతను నన్ను వింతగా చూశాడు, ఇంత చదివినవాడికి ఇది కూడా చెప్పాలా అన్నట్టు. "నువ్వు బుక్కు పట్టుకొని చెప్పినవ్. నేను కింద కూసున్నోన్ని. బుక్కు కంటె నా చెయ్యి పెద్దదని ఎట్లనాలె?"

బస్సు వచ్చింది. నేను ఎక్కబోతుంటే చెప్పాడు, "గిక్కడి లైబ్రరీకి గూడ పోతున్న. గిప్పుడు కుర్చీలనే కూసుంటున్న. కాలు మడవరాదు గదా." ఎగతాళి చేస్తున్నాడేమోనని అతని ముఖం చూశాను. లేదు. ఎగతాళి చేసినా బాగుండేది. బూతులు తిట్టినా బాగుండేది.

కబురు తెలిసిన మరునాడు బయ్యారం బస్సెక్కాను. తండాలో ఇంటి ముందు అతని భార్య, చుట్టుపక్కల ఆడవాళ్ళు కొందరు కూర్చొని ఉన్నారు. అతని భార్య నన్ను గుర్తుపట్టి చెంబుతో నీళ్ళిచ్చింది. "కాలు కొన పుండు వడ్డది" అని ఒకామె చెప్పింది. "మానలే. రెండు దవాఖాన్లు తిరిగిండ్రు. ఆఖరుకు జరం వచ్చి మాట పడిపోయింది."

అతని భార్య లోపలికి పోయి ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చింది. దవాఖాన కాగితాలు.

"ఏం రోగంతోని పోయిండో మాకు ఎవలు సక్కగ చెప్పలే అన్నా. కాలు పుండుతోని పోయిండా, ఇంకేదన్ననా? గిండ్ల రాసి ఉన్నదంట. సదువు."

ఆడవాళ్ళు దగ్గరికి జరిగారు. "సారుకు ఇంగ్లిషు వస్తది" అని ఎవరో పక్కామెకు చెప్పారు. కాగితం విప్పాను. మందుల పేర్లన్నీ నాకు తెలిసినవే, రోజూ కౌంటరు మీద ఇచ్చేవే. ఏ మందు దేనికిస్తారో తెలుసు కాబట్టి కొంత ఊహించగలను. కింద, మరణానికి కారణం అన్నచోట మూడు మాటలున్నాయి. మొదటి మాట చదవగలిగాను. మిగతా రెండూ ఎన్నడూ చూడనివి. గుండె ఆగి పోయాడమ్మా అంటే ఆమె నమ్ముతుంది. పుండు వల్ల కాదమ్మా అంటే నమ్ముతుంది. అలా అంటే నా కడుపు కూడా చల్లబడుతుంది. ఆ మాట నాలుక మీదికి వచ్చింది కూడా.

"నాకు తెలియదమ్మా" అన్నాను.

ఆడవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆమె నన్నే చూసింది.

"గీ మాట గూడ వస్తదా నీకు?" అంది.

గొంతు పెంచలేదు. కాగితం నా చేతిలోంచి తీసుకొని, మడతల వెంట జాగ్రత్తగా మడిచి కవర్లో పెట్టింది. "బయ్యారంల డాక్టరు తాన సదివిచ్చుకుంట" అని చెప్పి, ఖాళీ అయిన చెంబు తీసుకొని లోపలికి పోయింది.